గులాబీ గోరింకల గుంపుకు నాయకుడు లేడు: జమ్ము దుబ్బుల విషయంలో ఒక విన్నపం

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

ఇటీవల మీ పత్రిక జిల్లా పేజీలో, సాయంత్రం వేళ ఒక మురుగు కాలువ మీద వేలాది పిట్టలు ఒకే ఆకారంగా మలుపు తిరుగుతున్న ఛాయాచిత్రాన్ని ప్రచురించారు. అటువంటి దృశ్యానికి అంత చోటు ఇచ్చినందుకు ముందుగా కృతజ్ఞతలు. ఆ చిత్రం కింద రాసిన నాలుగు పంక్తుల్లో మాత్రం, గుంపు ముందున్న నాయక పక్షి ఎటు తిరిగితే మిగిలినవన్నీ అటు తిరుగుతాయనీ, పిట్టలు ఇలా ఆకాశంలో సుడులు తిరగడం తుపానుకు ముందస్తు సూచన అని స్థానికులు చెబుతున్నారనీ ఉంది. ఈ రెండింటిలో రెండోది జనాన్ని అనవసరంగా భయపెట్టేది. మొదటిది వినడానికి సబబుగానే ఉన్నా, ఆ దృశ్యంలోని అసలు విశేషాన్నే మరుగుపరిచేది. నీటిపారుదల శాఖలో పనిచేసి, సర్వీసులో ఎక్కువ కాలం కాలువగట్ల మీదే గడిపి, పదవీ విరమణ తరువాత కూడా శీతాకాలపు సాయంత్రాలు ఈ పిట్టల కోసమే గట్టు మీదికి వెళ్ళే అలవాటున్నవాడిగా, ఈ విషయం కొంత వివరంగా రాయడానికి అనుమతి కోరుతున్నాను. ఉత్తరం పొడవైతే మన్నించగలరు.

ఆ చిత్రంలో ఉన్నవి గులాబీ గోరింకలు. మన ఇళ్ళ చుట్టూ ఏడాది పొడవునా తిరిగే గోరింకకు ఇవి దగ్గరి చుట్టాలు, పరిమాణంలో కూడా ఇంచుమించు అంతే. ఎదిగిన పిట్టకు తల, మెడ, రెక్కలు, తోక నిగనిగలాడే నలుపు. వీపు, పొట్ట లేత గులాబీ రంగు. శీతాకాలంలో ఆ గులాబీ కొంత మాసినట్టు ఉంటుంది. ఆ ఏడాది పుట్టిన పిల్లలు మట్టిరంగు ఒంటితో, పసుపుపచ్చని ముక్కుతో ఉంటాయి. వీటి పుట్టిల్లు మన దేశం కాదు. తూర్పు ఐరోపా నుంచి కజకిస్తాన్ మీదుగా చైనాలోని షిన్‌జియాంగ్ వరకు వ్యాపించిన గడ్డి మైదానాల్లో, రాళ్ళ గుట్టల సందుల్లో, మే, జూన్ నెలల్లో గూళ్ళు పెట్టి, అక్కడి మిడతలతో పిల్లలను సాకి, జూలై నుంచి వాయవ్య దిక్కు నుంచి మన దేశంలోకి దిగడం మొదలుపెడతాయి. సౌరాష్ట్రలోనూ, దక్కను జొన్న చేలలోనూ పెద్ద పెద్ద గుంపులుగా కనిపించే ఈ పిట్టలు, మా వైపు సార్వా (వానాకాలపు వరి) కోతలు అయ్యేసరికి బాగా కనబడతాయి. కోసిన చేలల్లోనూ, మినుము చల్లిన మళ్ళలోనూ, గట్ల వెంబడి గడ్డిలోనూ పురుగులు ఏరుకుంటాయి. రావి, మర్రి పండ్లకు ఎగబడతాయి. బూరుగు పూసిన రోజుల్లో పూలలోని తేనె కోసం కొమ్మకొమ్మకూ చేరి నానా గోల చేస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో మళ్ళీ ఉత్తరానికి తిరుగు ప్రయాణం కడతాయి.

పొద్దు కొబ్బరితోటల వెనక్కు వాలే వేళకు, పగలంతా వేర్వేరు ఊళ్ళ పొలాల్లో చిన్న చిన్న జట్లుగా మేసిన పిట్టలు రాత్రి తలదాచుకునే చోటు వైపు బయలుదేరతాయి. ఆ జట్లు నాలుగు దిక్కుల నుంచీ వచ్చి, జమ్ము, కిక్కిస దట్టంగా పెరిగిన కాలువ మలుపు మీద ఒకదానిలో ఒకటి కలుస్తాయి. కలిసినా వెంటనే దిగవు. విసురు వల గాలిలో విచ్చుకున్నట్టు గుంపు ఒక్కసారిగా పరుచుకుంటుంది, అంతలోనే కుదించుకుంటుంది, నడుమ సన్నబడి రెండుగా చీలబోయి మళ్ళీ ఒకటవుతుంది. నేరుగా తల మీదుగా పోయినప్పుడు అన్ని రెక్కల చప్పుడూ కలిసి ఒకే హోరుగా వినబడుతుంది. వెలుగు బాగా తగ్గాక, ఏదో ఒక అంచు నుంచి మొదలై గుంపంతా కొద్దిసేపట్లో జమ్ములోకి జారిపోతుంది. ఆ తరువాత చాలాసేపు దుబ్బుల లోపలి నుంచి కలకలం వినిపిస్తూనే ఉంటుంది.

ఇంత క్రమంగా కదిలే గుంపుకు ముందు నడిపేవాడు ఒకడు ఉండి తీరాలని అనిపించడంలో ఆశ్చర్యమేమీ లేదు. మన ఆకాశంలోనే రోజూ కనిపించే కొంగల బారు అలా అనిపించేటట్టే ఉంటుంది. కానీ బారు తీరి ఎగరడం వేరు, గోరింకల ఎగురుడు వేరు. బారులో వెనుకనున్న పక్షి, ముందున్న పక్షి రెక్క కొస దగ్గర పైకి లేచే గాలిని ఆసరాగా తీసుకుని తన శ్రమ తగ్గించుకుంటుంది. కంకణాల జాతికి చెందిన పక్షులకు పరికరాలు కట్టి పరిశీలించినవారు, అవి ముందున్న పక్షి రెక్క ఆడించే లయకు తగినట్టుగా తమ రెక్క ఆడిస్తాయని 2014లో ప్రకటించారు. ముందు ఎగిరే పక్షికి ఆ ఆసరా దొరకదు కాబట్టి ఆ చోటు వంతులవారీగా మారుతూ ఉంటుంది. గోరింకల గుంపులో ఆ బారూ లేదు, ఆ లెక్కా లేదు. ఎత్తు, పొడవు, వెడల్పు మూడూ ఉన్న గుంపు అది, అందులో ప్రతి పిట్టకూ అన్ని వైపులా పిట్టలే.

ఇందులోని చిక్కు పాతదే. ఎడ్మండ్ సెలూస్ అనే బ్రిటిష్ ప్రకృతి పరిశీలకుడు ఏళ్ళ తరబడి పక్షి గుంపులను చూసి చూసి, అన్ని పక్షులు ఒకే క్షణంలో తిరగడానికి మరో కారణం తోచక, ఒకదాని ఆలోచన మరొకదానికి నేరుగా చేరుతుందేమోనని 1931లో రాశాడు. ఆ మాటను నవ్వి తీసిపారేయకూడదని నా అభిప్రాయం. నాయకుణ్ణి చూసి తిరుగుతాయంటే వెనుకనున్న పక్షులు ఆలస్యంగా తిరగాలి, ఆ ఆలస్యం తన కంటికి కనబడలేదని ఆయన నిజాయితీగా చెప్పాడు. కంటికి అందని ఆ ఆలస్యాన్ని కొలవడానికి వేగంగా తీసిన చలనచిత్రాలు కావలసి వచ్చాయి. అమెరికా పశ్చిమ తీరంలో డన్లిన్ అనే చిన్న తీరపక్షుల గుంపులను అలా చిత్రీకరించిన వేన్ పాట్స్, 1984లో ఫలితాలు ప్రకటించాడు. ఒక మలుపు గుంపులో ఎక్కడో ఒకటి రెండు పక్షులతో మొదలై అన్ని దిక్కులకూ అలగా పాకుతుంది. మొదటి పొరుగు పక్షి అందుకోవడానికి సెకనులో వెయ్యింట 67 వంతులు పడితే, అల సాగిన కొద్దీ ఒక పక్షి నుంచి పక్క పక్షికి వెయ్యింట 15 వంతుల్లోనే చేరిపోతుంది. ఉలిక్కిపడి స్పందించడానికి అదే పక్షికి ప్రయోగశాలలో పట్టిన కాలం వెయ్యింట 38 వంతులు. అంటే పక్కదాన్ని చూసి తిరగడం ఒక్కటే అయితే అంత వేగం రాదు. బారుగా నిలబడి వంతులవారీగా కాలెత్తే నాట్యబృందంలో తన వంతు దూరం నుంచే వస్తూ ఉండడం గమనించి ప్రతివారూ సిద్ధపడినట్టే, పక్షి కూడా దూరం నుంచి వస్తున్న అలను చూసి ముందుగానే సిద్ధమవుతుందని పాట్స్ వివరించాడు. ఆయన చెప్పినదాంట్లో నాకు ఎక్కువ నచ్చిన సంగతి మరొకటి ఉంది. గుంపు లోపలి వైపుకు వాలిన పక్షినే మిగిలినవి అనుసరిస్తాయి, బయటికి వాలిన పక్షిని అనుసరించవు. ఒంటరిగా విడిపోవడానికి ఏ పక్షికీ ఇష్టం ఉండదని దీనినిబట్టి తెలుస్తోంది.

గోరింకల జాతి మీదనే జరిగిన పెద్ద పని రోమ్ నగరంలో జరిగింది. అక్కడి టెర్మినీ రైల్వే స్టేషను ఎదుటి చెట్లలో రాత్రి గడపడానికి శీతాకాలంలో ఐరోపా స్టార్లింగులు వేలాదిగా చేరతాయి. ఇవి మన గులాబీ గోరింకకు దాయాదులు. ఆంద్రెయా కవాన్యా, ఇరేనే జార్దీనా, జార్జియో పరీసీ తదితరులు ఆ పక్కనున్న పలాజ్జో మాస్సిమో అనే భవనం కప్పు మీద ఇరవై అయిదు మీటర్ల ఎడంగా కెమెరాలు నిలిపి, సెకనుకు పది చొప్పున ఒకే క్షణంలో ఫొటోలు తీసి, రెండు కళ్ళు దూరాన్ని అంచనా కట్టే పద్ధతిలోనే ఒక్కొక్క పక్షి ఆకాశంలో సరిగ్గా ఎక్కడ ఉందో లెక్కగట్టారు. వందల నుంచి రెండు వేలకు పైగా పక్షులున్న గుంపుల్లో ఏ చిత్రంలోని ఏ చుక్క రెండో చిత్రంలోని ఏ చుక్కో పోల్చుకోవడమే అన్నిటికంటే కష్టమైన పని. పరీసీ గారికి 2021లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అది పక్షుల పనికని కాదు, క్రమం లేని వ్యవస్థలలో దాగిన నియమాలను కనుగొన్నందుకు; అయితే గోరింకల గుంపు కూడా అటువంటి వ్యవస్థే.

వారు 2008లో ప్రకటించిన ఫలితాన్ని మీ పాఠకులందరూ తెలుసుకోవాలని నా కోరిక. గుంపులోని పిట్ట తన చుట్టూ ఇన్ని అడుగుల లోపల ఉన్నవాటన్నిటినీ చూసుకుంటుందని అంతకుముందు చాలామంది అనుకునేవారు. అది నిజమైతే గుంపు విచ్చుకున్న క్షణంలో ఆ దూరంలో ఎవరూ మిగలరు, పిట్టలు చెదిరిపోతాయి. గుంపు ముడుచుకున్నప్పుడు అదే దూరంలో డజన్ల పిట్టలు కిక్కిరిసి ఎవరిని చూడాలో తోచదు. కొలతలు మరో సంగతి చెప్పాయి. ప్రతి పిట్టా తనకు దగ్గరలో ఉన్న ఆరు ఏడు పిట్టలను మాత్రమే గమనిస్తుంది, అవి రెక్క దూరంలో ఉన్నా సరే, అంతకు ఎన్నో రెట్ల దూరంలో ఉన్నా సరే. దగ్గరి పొరుగు పిట్ట సాధారణంగా ముందూ వెనుకా కాక పక్కన ఉంటుందనీ, ఈ పద్ధతి ఆరు ఏడు పిట్టల తరువాత మాయమవుతుందనీ గమనించి వారు ఈ నిర్ణయానికి వచ్చారు. గుంపు పరుచుకున్నా ముడుచుకున్నా తెగకుండా ఉండడానికి కారణం ఇదే. ఆ ఆరు ఏడు అన్న సంఖ్య ఎందుకన్న ప్రశ్నకు, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన నయోమీ లెనార్డ్ ఆ రోమ్ బృందంతో కలిసి 2013లో సమాధానం చెప్పారు. తక్కువ మందిని చూస్తే పొరపాటు వార్త నమ్మే ప్రమాదం, ఎక్కువ మందిని చూస్తే కంటికీ మెదడుకూ భారం. పడిన శ్రమకు గుంపు ఐకమత్యం అత్యధికంగా దక్కేది ఆరు ఏడు దగ్గరేనని వారి లెక్కల్లో తేలింది.

ఇక నాయకుడి మాట. పరుగు పందెంలో వంపు దగ్గర లోపలి వరుస మనిషి తక్కువ దూరం, బయటి వరుస మనిషి ఎక్కువ దూరం పరుగెత్తి వరుస చెడకుండా చూసుకోవచ్చు. పక్షి ఆ పని చేయదు. గుంపులో అన్నీ ఇంచుమించు ఒకే వేగంతో, ఒకే కొలత వంపులో తిరుగుతాయి. దానివల్ల మలుపు తిరిగేసరికి ఎదుట ఉన్న పక్షులు పక్కకు వస్తాయి, మరో మలుపుకు వెనుకబడతాయి. పావురాల గుంపుల్లో ఈ సంగతిని హరాల్డ్ పొమెరోయ్, ఫ్రాంక్ హెప్నర్ 1992లోనే చూపించారు, రోమ్ గోరింకల్లోనూ అదే కనిపించింది. ఫొటోలో ముందు వరుసలో ఉన్న పిట్ట తరువాతి క్షణంలో ముందు ఉండదు. ముందున్నదే నాయకుడైతే, ఆ నాయకత్వం నిమిషానికి ఎన్నోసార్లు చేతులు మారుతూ ఉండాలి. 2014లో ఆ రోమ్ బృందమే మలుపుల వేగాన్ని కొలిచింది. మలుపు వార్త గుంపులో సెకనుకు 20 నుంచి 40 మీటర్ల వేగంతో పాకుతుంది, అది ఆ పిట్టలు ఎగిరే వేగానికి రెండు మూడు రెట్లు. నాలుగు వందల పిట్టలున్న గుంపు మొత్తం దిశ మార్చుకోవడానికి అర సెకను కంటే కొంచెం ఎక్కువ కాలం చాలు. మొదలుపెట్టే పిట్టలు ఉంటాయి. సాధారణంగా గుంపు సాగి ఉన్న కొసల దగ్గర, పక్కపక్కనే ఉన్న ఏవో కొన్ని. కానీ ఒక మలుపును మొదలుపెట్టినవి తరువాతి మలుపును మొదలుపెట్టాలని లేదు. మొదలుపెట్టడానికీ నాయకత్వానికీ మధ్య ఉన్న ఈ తేడా చిన్నదేమీ కాదని నేను అనుకుంటున్నాను.

ఈ మాట అన్ని పక్షులకూ వర్తిస్తుందని నేను చెప్పడం లేదు. పందెపు పావురాల వీపు మీద చిన్న జీపీఎస్ పరికరాలు కట్టి చూసిన హంగరీ శాస్త్రజ్ఞులు, వాటి చిన్న గుంపుల్లో కొన్ని పావురాల మాట ఎక్కువగా చెల్లుతుందని, అంటే ఒక విధమైన పెద్దరికం ఉందని 2010లో చూపించారు. అందుచేత పక్షి ఏదో, గుంపు ఎంతో, అది చేస్తున్న పని ఏదో తెలుసుకోకుండా నాయకుడున్నాడనో లేడనో రాయడం సరికాదు.

ఇంతకీ నేరుగా వచ్చి జమ్ములో వాలిపోకుండా అంతసేపు తిరగడం ఎందుకు? బ్రిటన్ శాస్త్రజ్ఞులు ఐరోపా స్టార్లింగుల మీద సామాన్య ప్రజల నుంచి పరిశీలనలు సేకరించి 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, 23 దేశాల నుంచి మూడు వేలకు పైగా నమోదులు వచ్చాయి. ఈ విన్యాసం సగటున 26 నిమిషాలు సాగింది. దాదాపు మూడోవంతు సందర్భాల్లో డేగ వంటి వేటపక్షి దగ్గరలో కనిపించింది, అది ఉన్నప్పుడు గుంపులు పెద్దవిగా ఉండి ఎక్కువసేపు తిరిగాయి. చలికి ఒకచోట చేరడమే కారణమైతే చలి పెరిగిన కొద్దీ గుంపు పెరగాలి, అలా జరగలేదు. కాబట్టి ప్రాణభయమే ప్రధాన కారణమని వారు తేల్చారు. మన వైపు ఆ భయం పేరు బైరి డేగ. శీతాకాలంలో అది కూడా ఉత్తరాది నుంచి వస్తుంది. అది గుంపు మీదికి దూకినప్పుడు, దూకిన చోటు నుంచి దూరంగా ఒక నల్లటి చార గుంపు గుండా పరుగెత్తడం మీ పాఠకుల్లో కొందరైనా చూసే ఉంటారు. ఆ చార పిట్టలు దగ్గర దగ్గరగా చేరడం వల్లనే వస్తుందని తోస్తుంది. కానీ నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన షార్లోటె హెమెల్‌రైక్ బృందం 2015లో మరో వివరణ ఇచ్చింది. పక్కకు ఒరిగి తప్పించుకునే క్షణంలో పిట్ట రెక్కల వెడల్పంతా మన కంటికి తిరుగుతుంది, అందువల్ల అక్కడ గుంపు నల్లబడుతుంది. ఆ ఒరగడం ఒకదాని నుంచి మరొకదానికి పాకితే చార పరుగెత్తినట్టు కనిపిస్తుంది. అటువంటి అలలు లేచినప్పుడు డేగ వేట తరచుగా విఫలమవుతుందని రోమ్‌లో అంతకుముందే గమనించారు.

సందర్భం వచ్చింది కాబట్టి కోరింగ గురించి ఒక మాట. 1978లో ఏర్పడిన ఆ అభయారణ్యం అంచున, పోటు తీసిన తరువాత బయటపడే బురద నేలల మీద ఉల్లంకి జాతి తీరపక్షులు శీతాకాలమంతా మేస్తాయి. పాట్స్ పరిశీలించిన డన్లిన్‌కు దగ్గరి బంధువులు, కర్లూ శాండ్‌పైపర్లు, చిన్న స్టింట్లు, వాటిలో ఉన్నాయి. పోటు నీరు తరుముకొచ్చినప్పుడు అవి ఒక్కసారిగా లేచి తిరుగుతుంటే, వీపులు ఇటు ఉన్న క్షణంలో గుంపు గోధుమరంగులో, పొట్టలు ఇటు తిరిగిన క్షణంలో తెల్లగా మెరుస్తుంది. మలుపు అల గుంపులో ఎలా పాకుతుందో మామూలు కంటితో తెలుసుకోవాలంటే గోరింకల కంటే ఇవే మేలు. కాకినాడ, యానాం, తాళ్ళరేవు వైపు పాఠకులకు ఇది చేతికందే దూరంలో ఉంది.

తుపాను సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమలో ఉన్నవారికి ఆ మాట ఎలా వినబడుతుందో వేరే చెప్పనక్కరలేదు. అందుకే ఆ మాటను తేలికగా వాడకూడదు. గులాబీ గోరింకలు ఈ విన్యాసం చేసేది నిర్మలమైన సాయంత్రాల్లో, ప్రతి సాయంత్రం, పడుకోబోయే ముందు. బంగాళాఖాతంలో తుపానులు అరుదైన జనవరి, ఫిబ్రవరి నెలల్లో కూడా ఇది రోజూ జరుగుతూనే ఉంటుంది. తుపాను హెచ్చరిక చేయడానికి విశాఖపట్నంలో వాతావరణ శాఖ వారి కేంద్రం ఉంది. మీ పత్రిక ఆ కేంద్రం చెప్పినదాన్నే తుపాను వార్తగా ప్రచురించాలని నా మనవి.

ఈ ఉత్తరం రాయడానికి అంతకంటే ముఖ్యమైన కారణం జమ్ము. పైన చెప్పినదాన్నిబట్టి, ఈ గుంపును పోగుచేసేది ఏ నాయక పక్షీ కాదు, రాత్రి తలదాచుకునే చోటు. దట్టంగా, నీటి మధ్య, పిల్లులకూ నక్కలకూ అందకుండా ఉన్న చోటు దొరికినందువల్లనే ఎక్కడెక్కడి జట్లూ ఒకే మలుపు మీదికి వస్తున్నాయి. ఆ చోటు పోతే పిట్టలు చిన్న చిన్న జట్లుగా ఏ తోటలోనో వాలుతాయి, మీరు ఫొటో తీసిన దృశ్యం అక్కడితో ఆగిపోతుంది. గత కొన్ని శీతాకాలాలుగా మా ప్రాంతంలో కాలువ పోరంబోకుల్లోని జమ్ము, కిక్కిస దుబ్బులకు జనవరి, ఫిబ్రవరి నెలల్లో, అదీ పొద్దుగూకే వేళ, నిప్పు పెట్టడం చూస్తున్నాను. కొన్నిచోట్ల చెరువుగట్టు పెంచుకోవడానికి, కొన్నిచోట్ల పాముల భయంతో, చాలాచోట్ల ఏ కారణమూ లేకుండానే ఆ పని జరుగుతోంది. అప్పటికే దుబ్బుల్లో దిగిన పిట్టలు చీకట్లో లేచి, దారి తెలియక కరెంటు తీగల మీదికీ, చెరువుల దీపాల మీదికీ పోతున్నాయి. చేపల చెరువుల దగ్గర నీటికాకులను, కొంగలను బెదరగొట్టడానికి కాల్చే బాణసంచా కూడా ఇదే పని చేస్తోంది. గులాబీ గోరింక చేపను గానీ రొయ్యను గానీ ముట్టదు. జొన్న పండించే ప్రాంతాల్లో రైతులకు దీనివల్ల నష్టం ఉన్నమాట వాస్తవమే, అక్కడ మంచె వేసి వడిసెలతో తోలడానికి కారణం లేకపోలేదు. కానీ వరి, మినుము, కొబ్బరి పండించే మన దగ్గర ఇది ఎక్కువగా తినేది పురుగులనే. షిన్‌జియాంగ్‌లో మిడతల బెడద తగ్గించుకోవడానికి 1980ల నుంచి ఈ పిట్టలు గూళ్ళు పెట్టుకునేందుకు వీలుగా రాళ్ళ కట్టడాలు కట్టించి మరీ వీటిని రప్పించుకుంటున్నారు.

జమ్మును అసలు తీయవద్దని నేను అనడం లేదు. మురుగు కాలువలో జమ్ము, తూడు, గుర్రపుడెక్క పెరిగిపోతే అక్టోబరు వానలకు ముంపు దిగక సార్వా చేలు ఎలా కుళ్ళిపోతాయో ఉద్యోగరీత్యా ప్రతి ఏటా చూసినవాడిని. తీయవలసిందే. అయితే దానికి సమయం ఉంది. ఏప్రిల్ మధ్యలో కాలువలు కట్టేసిన తరువాత, జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలేలోగా, పూడికతీతా జమ్ము నరకడమూ ఎలాగూ జరుగుతాయి. అప్పటికి గులాబీ గోరింకలు ఉత్తరానికి వెళ్ళిపోయి ఉంటాయి, ఆ పని వాటికి ఏ విధంగానూ అడ్డు కాదు. అప్పుడు తీసిన జమ్ము వానాకాలంలో పెరిగి, పిట్టలు వచ్చేనాటికి మళ్ళీ దట్టమవుతుంది. నీటి ప్రవాహానికి అడ్డురాని మలుపుల దగ్గర, గట్టు వారగా కొద్దిపాటి దుబ్బును వదిలేస్తే ఇంకా మంచిది. ఇందుకు కొత్త చట్టం గానీ నిధులు గానీ అవసరం లేదు. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు పిట్టలు దిగే చోట్ల నిప్పు పెట్టవద్దనీ, సాయంత్రం వేళ బాణసంచా కాల్చవద్దనీ గ్రామ పంచాయతీలు, నీటి వినియోగదారుల సంఘాలు టముకు వేయించి చెబితే చాలావరకు ఆగుతుంది.

ఏయే ఊళ్ళ దగ్గర ఇటువంటి చోట్లు ఉన్నాయో ఒకచోట రాసిపెట్టి ఉంటేనే ఆ సంఘాలకు చెప్పడం సాధ్యమవుతుంది. ఈ విషయంలో మీ పత్రిక చేయగలిగినంత సాయం మరెవరూ చేయలేరు. రాజోలు నుంచి భీమవరం వరకు, రావులపాలెం నుంచి కోరింగ వరకు ఉన్న పాఠకులు ఏ తేదీన, ఏ ఊరి ఏ కాలువ దగ్గర, ఎన్ని గంటలకు గుంపు కట్టడం మొదలైందో, ఎన్ని గంటలకు దుబ్బుల్లోకి దిగిందో, దగ్గరలో డేగ ఉన్నదో లేదో, వాలినది జమ్ములోనో తోటలోనో, ఆ చోట ఆ మధ్య నిప్పు పెట్టిన ఆనవాలు ఉన్నదో లేదో రాసి పంపితే చాలు. పిట్టల సంఖ్య తోచినంత అంచనా వేసినా ఫరవాలేదు, చోటూ తేదీ మాత్రం తప్పకుండా ఉండాలి. హైస్కూలు పిల్లలు ఈ పని పెద్దల కంటే శ్రద్ధగా చేస్తారని నా నమ్మకం. అలా వచ్చిన వివరాలకు ఈ డిసెంబరు నుంచి మార్చి నెలాఖరు వరకు మీ జిల్లా పేజీలో వారానికి ఒకసారి కొద్దిపాటి చోటు కేటాయించవలసిందిగా, కాలువలు కట్టేసే ముందు వాటన్నిటినీ ఒక పట్టికగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఆ పట్టిక ప్రతిని నీటిపారుదల శాఖ సెక్షను కార్యాలయాలకు, పంచాయతీలకు అందజేసే పని మా మండలం వరకు నేను చేస్తాను.

భవదీయుడు,
నీటిపారుదల శాఖ విశ్రాంత ఉద్యోగి,
రాజోలు మండలం, కోనసీమ